పాలకు పుస్తకం ఉంది, బరువులకు ఏది?

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం నుంచి గౌరిబిదనూరు పోయే రోడ్డు మీద మంచేనహళ్ళి ఉంది. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ పొద్దున లేస్తూనే జరిగే పని డైరీకి పాలు పోయడం. క్యాను దించగానే లీటర్లు కొలుస్తారు, ఫ్యాట్ చూస్తారు, లెక్క పుస్తకంలోకి ఎక్కుతుంది. నిన్న సాయంత్రం ఆవు అర లీటరు తక్కువ ఇచ్చిందంటే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. మేత మారిందా, దూడ తాగేసిందా, ఒంట్లో బాగలేదా అని అప్పుడే ఆరా మొదలవుతుంది. పట్టుపురుగులు సాకే ఇళ్ళలో లెక్క ఇంకా గట్టిది. చాకీ పురుగులను ఏ రోజు తెచ్చారు, ఏ జ్వరం (పొర విడిచే నిద్ర) ఎప్పుడు లేచింది, గూడు కట్టడానికి చంద్రికల మీదికి ఎప్పుడు ఎక్కించారు, నూరు మొట్టెలకు ఎన్ని కిలోల గూడు వచ్చింది, శిడ్లఘట్ట మార్కెట్లో కిలో ఎంతకు పోయింది, అన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. క్యాలెండరు వెనకైనా సరే, గోడ మీద బొగ్గుతోనైనా సరే.

అదే ఇంటి కుర్రవాడు సాయంత్రం జిమ్‌కు పోతాడు. గంటసేపు చెమటోడుస్తాడు. "పోయిన వారం బెంచ్ ప్రెస్ ఎంత ఎత్తితివిరా?" అని కోచ్ అడిగితే, "ఏమోన్నా, రెండు పక్కలా పెద్ద ప్లేట్లే ఏసినట్టు గుర్తు" అంటాడు. ఎన్నిసార్లు ఎత్తితివి? "ఎనిమిదో, పదో." ఆవు పాల లెక్క అర లీటరు వరకు తెలిసిన ఇంట్లో, ఆ పాలు తాగి పెరిగిన ఒంటి లెక్క ఎవరి దగ్గరా లేదు.

జిమ్‌లో చేరిన తొలిరోజు కొనవలసిన మొదటి వస్తువు 20 రూపాయల నోటుబుక్కు. ప్రోటీన్ డబ్బా కాదు, నడుముకు బెల్టు కాదు, చేతికి గ్లవ్స్ కాదు. ఆ పుస్తకం లేకుండా నెలల తరబడి చేసే కష్టంలో చాలా భాగం వృథా అవుతోంది. మంచేనహళ్ళి, బాగేపల్లి, చింతామణి వంటి ఊళ్ళ కుర్రాళ్ళ విషయంలో ఈ మాట మరింత గట్టిగా చెప్పాలి. ఎందుకంటే వాళ్ళకు పక్కన నిలబడి లెక్క పెట్టే ఖరీదైన పర్సనల్ ట్రైనర్ ఉండడు. ఉన్న ఒక్క కోచ్ ముప్ఫై మందిని చూసుకోవాలి.

రాసుకోవడం ఎందుకు అవసరమో తెలియాలంటే కండ ఎలా పెరుగుతుందో తెలియాలి. శరీరం పొదుపరి. అలవాటైన బరువుకు సరిపడా బలం వచ్చిందంటే అక్కడితో ఆగుతుంది. అలవాటైనదానికన్నా కొంచెం ఎక్కువ పని పడితేనే మళ్ళీ కొత్త కండ కట్టుకొంటుంది. ఆ 'కొంచెం ఎక్కువ' ఎంతో తెలియాలంటే అంతకుముందు ఎత్తింది ఎంతో తెలిసి ఉండాలి. ఉదాహరణకు ఒకరు 40 కిలోలతో స్క్వాట్ 8 సార్ల చొప్పున 3 సెట్లు చేశారనుకొందాం. మొత్తం ఎత్తిన బరువు 960 కిలోలు. రెండో వారం 9 సార్ల చొప్పున చేస్తే 1080. మూడో వారం 10 సార్ల చొప్పున 1200. అప్పుడు బరువు 42.5 కిలోలకు పెంచి మళ్ళీ 8 సార్ల దగ్గర మొదలుపెడితే 1020. చూసేవాళ్ళకు వెనక్కి పోయినట్టే ఉంటుంది. కాని మెట్టు ఎక్కింది అక్కడే. ఈ లెక్క తలలో పెట్టుకోవడం ఒక్క వ్యాయామానికైతే సాధ్యం. వారానికి పదిహేను వ్యాయామాలు చేసేవాడికి సాధ్యం కాదు.

ఈ పద్ధతికి వైద్యశాస్త్రంలో చోటు సంపాదించిపెట్టినవాడు థామస్ డెలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు. రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏళ్ళలో షికాగోలోని గార్డినర్ ఆస్పత్రి మోకాళ్ళు దెబ్బతిన్న సైనికులతో నిండిపోయింది. అప్పటి వాడుక ప్రకారం తేలిక బరువులతో చాలాసార్లు కాలు ఆడించేవారు. కోలుకోవడానికి నెలలు పట్టేది. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచాన పడి, తర్వాత బరువులెత్తి కోలుకొన్నవాడు డెలార్మ్. రోగి సరిగ్గా 10 సార్లు మాత్రమే ఎత్తగల బరువు ఎంతో కనుక్కొని దాన్ని కొలబద్దగా పెట్టుకొన్నాడు. వారం వారం మళ్ళీ కొలిచి, బలం పెరిగినంత మేర బరువు పెంచుతూ పోయాడు. 1945లో ఆ ఫలితాలను అచ్చువేశాడు. తర్వాత దాన్ని మూడు సెట్లకు కుదించారు. మొదటిది ఆ బరువులో సగంతో, రెండోది ముప్పాతికతో, మూడోది పూర్తి బరువుతో. ఈనాడు మన జిమ్ముల్లో కుర్రాళ్ళ నోట వినిపించే 'మూడు పదులు' అనే వాడుక వేర్లు ఆ ఆస్పత్రి వార్డులోనే ఉన్నాయి. అయితే మనం సెట్ల సంఖ్య తెచ్చుకొన్నాం, వారం వారం కొలిచి రాసే పని అక్కడే వదిలేశాం.

మనకు బరువులెత్తడం కొత్త కాదు. పాత మైసూరు ఊళ్ళలో గరడి మనెలుండేవి. ఎర్రమట్టి, గోడకు ఆంజనేయుడి పటం, మూలన గదలు. తెలుగువాళ్ళు సాముగరిడీలని పిలిచేదీ వాటినే. జాతరలో, పండగపూట ఊరి నడుమ గుండు ఎత్తే పందెం ఉండేది. ఆ గుండ్రాయికి ఒక సుగుణం ఉంది. అది మారదు. తాత ఎత్తిన గుండే మనవడూ ఎత్తాలి. ఎత్తితే ఎత్తినట్టు, లేదంటే లేదు, ఊరంతా సాక్షి. అక్కడ పుస్తకం అక్కర్లేదు, ఊరే పుస్తకం. జిమ్‌లో అలా కాదు. అక్కడ ప్లేట్లు మారతాయి, రాడ్లు మారతాయి, చూసేవాళ్ళెవరూ గుర్తుంచుకోరు. సాక్షి లేనిచోట రాతే సాక్షి కావాలి.

మన జ్ఞాపకం ఘనకార్యాలకే దాసోహమంటుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడి పేరు చెప్పగానే ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకొన్నాడనీ, ఒంటికి చుట్టిన గొలుసు తెంపాడనీ, కలియుగ భీముడనీ ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆయన ఆ స్థితికి రావడానికి రోజూ ఎన్ని దండీలు, ఎన్ని బస్కీలు తీశాడు, ఏ నెలలో ఎంత పెంచాడు అన్నది ఏ కథలోనూ లేదు. బరువులెత్తే క్రీడలో దేశానికి పేరు తెచ్చిన దండమూడి రాజగోపాలరావును 1963 నాటి నర్తనశాలలో భీముడి వేషంలో చూసి మురిసిపోయాం. విజయవాడ ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టుకొన్నాం. ఆ భుజాలు తయారైన తీరు మాత్రం తరువాతి తరానికి అందలేదు. ఇది నిజమైన నష్టం. రామమూర్తి సాధన రోజువారీగా రాసి ఉన్న పుస్తకమే ఒకటి దొరికి ఉంటే, ఏనుగు కథకన్నా అది వంద రెట్లు విలువైనదయ్యేది.

అంకె ఎంత బరువైనదో తెలుగువాళ్ళకు తెలిసొచ్చిన రోజు 2000 సెప్టెంబర్ 19. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్ తొలిసారి జరిగింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట బిడ్డ కరణం మల్లేశ్వరి 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తారు. మొత్తం 240. చైనాకు చెందిన లిన్ వైనింగ్, హంగేరీకి చెందిన ఎర్జెబెత్ మార్కుస్ ఇద్దరి మొత్తమూ 242.5. ఒంటి బరువు తక్కువగా ఉన్న లిన్‌కు స్వర్ణం దక్కింది. మల్లేశ్వరి చివరి ప్రయత్నానికి పెట్టించిన బరువు 137.5 కిలోలు. అది లేచి ఉంటే మొత్తం 247.5 అయ్యేది, స్వర్ణం మనదయ్యేది. 132.5 పెట్టించి ఎత్తి ఉంటే ముగ్గురూ 242.5 దగ్గర సమానమయ్యేవారు, ఒంటి బరువు తేల్చేది. 137.5 లేవలేదు. కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ అయ్యారామె.

ఆ నిర్ణయం తప్పా ఒప్పా అని ఇప్పటికీ వాదించేవాళ్ళున్నారు. స్వర్ణం కోసం పోయినవారిని తప్పు పట్టడం సరికాదు. ఇక్కడ చూడవలసింది వేరే ఉంది. ఆ వేదిక మీద రెండున్నర కిలోలు అంటే పతకం రంగు. 130 తర్వాత ఏది అడగాలన్నది నిమిషాల్లో తేల్చాలి, అడిగిన బరువు కార్డు మీద రాసివ్వాలి. ఆ అంకె గాల్లోంచి పుట్టదు. ఏ రోజు శిక్షణలో ఎంత లేచింది, ఎంత దగ్గర రాడ్ తడబడింది అన్న ఏళ్ళ తరబడి లెక్కలోంచే అది రావాలి. ఆ రోజుల్లో మల్లేశ్వరికి శిక్షణ ఇచ్చిన లియోనిద్ తరనెంకో బెలారుస్ వాడు. 1980 మాస్కో ఒలింపిక్స్ విజేత. 1988లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆయన క్లీన్ అండ్ జెర్క్‌లో ఎత్తిన 266 కిలోలను ఎవరైనా దాటడానికి 33 ఏళ్ళు పట్టింది. 2021లో జార్జియాకు చెందిన లాషా తలఖాద్జె 267 ఎత్తాడు. తరనెంకో పెరిగిన సోవియట్ పద్ధతికి ప్రాణం రాత. అక్కడి శిక్షకుడు ప్రిలెపిన్ లిఫ్టర్ల శిక్షణ డైరీలను ముందేసుకొని చదివి, గరిష్ఠ బరువులో ఎంత శాతం పెట్టుకొంటే ఎన్నిసార్లు ఎత్తడం మేలో చెప్పే పట్టిక తయారుచేశాడు. నేటికీ చాలా దేశాల్లో కోచ్‌లు దాన్ని చూసుకొంటారు. ఆ లిఫ్టర్లు రాసి ఉండకపోతే ఆ పట్టికే లేదు.

ఇంకో ఊరి సంగతి. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురాన్ని 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా స్థిరపరిచారు. నేరస్థ తెగ అని ముద్ర వేసిన ఎరుకలవాళ్ళను అక్కడ ఉంచారు. నేరస్థ తెగల చట్టం కింద మనుషుల పేర్లు రిజిస్టర్లకెక్కాయి, హాజరు వేయించుకోవలసి వచ్చింది. చట్టం 1952లో పోయినా మచ్చ పోవడానికి చాలా కాలం పట్టింది. సినిమాలు దాన్ని ఇంకా ముదరబెట్టాయి. ఆ ఊరి కుర్రాడు రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో స్నాచ్ 151, క్లీన్ అండ్ జెర్క్ 187, మొత్తం 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. ఒకప్పుడు ఆ ఊరివాళ్ళ పేర్ల పక్కన పోలీసులు రాసిన రాతలుండేవి. ఇప్పుడు ఆ పేరు పక్కన 338 ఉంది. విజయనగరం జిల్లా కొండవెలగాడ కూడా లిఫ్టర్లను ఇచ్చిన ఊరే. అక్కడినుంచి వచ్చిన మత్స సంతోషి 2014 గ్లాస్గో క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తింది. మొదట కాంస్యం ఇచ్చారు. గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరికిపోయాక అది రజతమైంది. పల్లెటూరి పిల్లలకు అంకెల క్రమశిక్షణ అబ్బదనే మాటకు ఈ రెండు ఊళ్ళు చాలు జవాబుగా.

పోటీలకు పోనివాళ్ళకు ఇదంతా ఎందుకు అనే ప్రశ్న సబబే. జిమ్‌కు వచ్చేవాళ్ళలో నూటికి తొంభైతొమ్మిది మంది పతకం కోసం రారు. పెళ్ళికి ముందు ఒళ్ళు తగ్గాలని, షుగర్ అదుపులో ఉండాలని, చొక్కా భుజాల దగ్గర నిండుగా కనబడాలని వస్తారు. ఆ కోరికలన్నీ మంచివే. 2023లో అచ్చయిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. రక్తంలోని చక్కెరను ఎక్కువగా వాడుకొనేది కండే. కండ తగ్గేకొద్దీ ఆ చక్కెర పోవడానికి చోటు తగ్గుతుంది. 17 దేశాల్లో సుమారు 1,40,000 మందిని గమనించిన ప్యూర్ అధ్యయనం 2015లో ఒక సంగతి బయటపెట్టింది. మన దేశస్థులూ అందులో ఉన్నారు. చేతి పట్టు బలం 5 కిలోలు తగ్గిన ప్రతిసారీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనబడింది. వారానికి కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ చెబుతోంది. అందుకే ఈ లెక్క కుర్రాళ్ళకన్నా నలభై దాటినవాళ్ళకు, ఆడవాళ్ళకు ఎక్కువ అవసరం. వాళ్ళకు అద్దంలో మార్పు తొందరగా కనబడదు. రెండు నెలలైనా నడుము కొలత అంతే ఉందని మానేస్తారు. పుస్తకం ఉంటే 5 కిలోల డంబెల్ 8 అయిన సంగతి కళ్ళముందు ఉంటుంది. మానేయబోయే మనిషిని ఆపేది అదే.

రాసుకొంటే నిజంగా తేడా ఉంటుందా? మనస్తత్వ శాస్త్రవేత్తలు 138 అధ్యయనాలను కలిపి 2016లో లెక్క తేల్చారు. వాటిలో పాల్గొన్నవాళ్ళు దాదాపు 20,000 మంది. పెట్టుకొన్న లక్ష్యం ఎంతవరకు వచ్చిందో మధ్యమధ్య చూసుకొనేవాళ్ళు దాన్ని సాధించే అవకాశం ఎక్కువని తేలింది. చూసుకొన్నదాన్ని రాసిపెట్టినప్పుడు, నలుగురికీ తెలిపినప్పుడు ఫలితం ఇంకా బలంగా ఉంది.

ఇక రాయడం మొదలుపెట్టినవాడికి ఎదురయ్యే మొదటి చిక్కు రాడ్డు. అంతర్జాతీయ పోటీల్లో మగవాళ్ళ రాడ్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15 కిలోలు. చిన్న ఊళ్ళ జిమ్ముల్లో అలాంటివి అరుదు. ఒకటి 7 కిలోలుంటుంది, ఒకటి 10, ఇంకొకటి ఎంతో ఎవరికీ తెలియదు. చాలామంది రాడ్డును లెక్కలోకే తీసుకోరు. ప్లేట్ల సంగతి ఇంకో గొడవ. కొన్నిటి మీద కిలోలు, కొన్నిటి మీద పౌండ్లు ఉంటాయి. 45 పౌండ్ల ప్లేటు 20.4 కిలోలు. ఈ రోజు ఒక రాడ్, రేపు ఇంకో రాడ్ పట్టుకొని 'నేను పెరగలేదు' అని దిగులుపడే కుర్రాళ్ళున్నారు. పెరగనిది బలం కాదు, తూకం నిలకడ. మంచేనహళ్ళిలో జొన్నల మూటలు తూచే కాటాలు లేవా? ఒక పూట ఆ కాటా మీద జిమ్ రాడ్లన్నీ తూచి, కొసన రంగుతో అంకె రాయిస్తే పదేళ్ళ గందరగోళం గంటలో తీరుతుంది.

రెండో చిక్కు చిన్న ప్లేట్లు. చాలా చోట్ల 2.5 కిలోల కన్నా చిన్నది ఉండదు. రెండు పక్కలా వేస్తే ఒక్కసారిగా 5 కిలోలు పెంచాలి. 60 కిలోలు ఎత్తేవాడికి అది 8 శాతం. 20 కిలోల దగ్గర మొదలుపెట్టిన అమ్మాయికి అది 25 శాతం. ఆమెకు ఆ మెట్టు చాలా ఎత్తు. రెండు నెలలు అక్కడే ఆగిపోయి, తనకు బలం లేదనుకొంటుంది. లోపం ఆమెది కాదు, జిమ్‌లో 1.25 కిలోల ప్లేట్లు లేకపోవడం. పుస్తకంలో 20, 20, 20 అని నెలంతా కనబడితే ఈ సంగతి కోచ్‌కైనా తెలుస్తుంది. రాయకపోతే ఎవరికీ తెలియదు. అంతర్జాతీయ పోటీల్లోనే 2005 నుంచి కిలో చొప్పున పెంచుకోనిస్తున్నారు. మన జిమ్ముల్లో 5 కిలోల మెట్లేంటి?

ఏం రాయాలన్నదానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. తేదీ, వ్యాయామం, రాడ్‌తో కలిపి మొత్తం బరువు, సెట్టుకు ఎన్నిసార్లు. దీనికి ఇంకొకటి కలపాలి: చివరిసారి ఎత్తాక ఇంకా ఎన్ని ఎత్తగలిగేవాడివి? రెండు మిగిలాయా, ఒకటీ మిగల్లేదా? ఆ ఒక్క అంకె వచ్చే వారం బరువు పెంచాలో వద్దో చెబుతుంది. పక్కన చిన్న మాట ఒకటి రాయాలి. రాత్రి త్రీ ఫేజ్ కరెంటు వచ్చి తోటకు నీళ్ళు కట్టడానికి పోయిన మర్నాడు 60 కిలోలు 5 సార్లకే ఆగిపోతే అది బలహీనత కాదు, నిద్రలేమి. 'నీళ్ళు కట్టడం' అని రెండు మాటలు రాసి ఉంటే నెల తర్వాత చూసుకొన్నప్పుడు కంగారు ఉండదు. పొద్దున గౌరిబిదనూరులో బెంగళూరు రైలెక్కి రాత్రికి ఇల్లు చేరేవాళ్ళ పుస్తకంలో సోమవారం అంకెలు, శనివారం అంకెలు వేరుగా ఉంటాయి. ఉండాలి కూడా.

బరువు వేరు, సార్లు వేరు అయినప్పుడు ఏ రోజు మెరుగో తేల్చడానికి ఎప్లీ సూత్రం ఉంది. సార్లను 30తో భాగించి, 1 కలిపి, బరువుతో హెచ్చించాలి. ఒకేసారి ఎత్తగల గరిష్ఠ బరువు ఉజ్జాయింపుగా వస్తుంది. 60 కిలోలు 5 సార్లు అంటే 70. 55 కిలోలు 9 సార్లు అంటే 71.5. పెద్ద ప్లేట్లు వేసిన రోజే గొప్ప రోజని అనుకొనే కుర్రాడికి ఈ చిన్న లెక్క కళ్ళు తెరిపిస్తుంది. తేలికగా కనబడిన ఆ రోజే అతను బలంగా ఉన్నాడు.

దెబ్బలు తగలకుండా కాపాడేదీ ఈ రాతే. మోకాలు నొప్పి మొదలైంది ఎప్పుడు అని డాక్టరు అడిగితే "ఈ మధ్యే" అనడం తప్ప చాలామందికి ఇంకో మాట రాదు. పుస్తకం తిప్పితే నొప్పికి పది రోజుల ముందు, పక్కవాడు చూస్తున్నాడని స్క్వాట్ ఒకేసారి 15 కిలోలు పెంచిన పేజీ దొరుకుతుంది. కారణం చేతికి దొరికినట్టే.

ఫోన్‌లో యాప్‌లున్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, బాగానే ఉన్నాయి. అయినా ఈ ఊళ్ళకు కాగితమే మేలు. సెట్టుకూ సెట్టుకూ నడుమ రెండు నిమిషాల విరామంలో ఫోన్ తీసినవాడు రీల్స్‌లో పడి ఏడు నిమిషాలకు తేలతాడు. ఈలోగా ఒళ్ళు చల్లబడుతుంది, బెంచ్ కోసం వెనక నలుగురు నిలబడి ఉంటారు. ఫోన్ మారితే రెండేళ్ళ లెక్క పోయినవాళ్ళూ ఉన్నారు. నోటుబుక్కు పోదు. పైగా కోచ్ దాన్ని తెరిచి ఒక్క చూపులో ఆర్నెల్లు చూడగలడు.

భాష గురించి ఒక మాట. ఈ సీమలో మాట తెలుగు, చదువు కన్నడం. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే కుర్రాడికి తెలుగు రాయడం రాకపోవచ్చు. ఏం పరవాలేదు. కన్నడ అక్షరాల్లో రాసుకొన్నా, రెండూ కలిపి రాసుకొన్నా 42.5 అంటే 42.5. అమ్మ పాల లెక్క ఏ లిపిలో రాస్తే అదే లిపిలో రాయవచ్చు.

పుస్తకం రుజువుగానూ పనికొస్తుంది. మొన్నటిదాకా మంచేనహళ్ళి గౌరిబిదనూరు తాలూకాలోనే ఉండేది. ఆ తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్స్‌లర్‌గా పనిచేశారు. ఆ పదవిలో ఉండగానే 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరీక్షించడానికి కమిటీ వేశారు. రుజువు చూపమని పెద్దపెద్దవాళ్ళనే అడిగిన మనిషి. ఆయన పుట్టిన సీమలో కుర్రాళ్ళు రుజువు అడగకుండా వేల రూపాయల పొడి డబ్బాలు కొంటున్నారు. కొందరు ఇంకా ముందుకు పోయి, ఏముందో తెలియని సూదులు వేయించుకొంటున్నారు. సూది జోలికి ఎవరూ పోకూడదు. అది లివర్‌కూ గుండెకూ చేటు. పొడి సంగతైనా పుస్తకం ఉంటే తేలుతుంది. డబ్బా వాడిన రెండు నెలల అంకెలు, ముద్ద, గుడ్లు, పాలు, పప్పు మీద నడిచిన రెండు నెలల అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఒక మనిషి లెక్క లోకానికి సాక్ష్యం కాదు, నిజమే. కాని అమ్మేవాడి మాటకన్నా అది మేలు.

రాతకు బానిస కావడం కూడా ఉంది. అంకె పెరగలేదని ఏడుస్తూ జ్వరంలో జిమ్‌కు వచ్చేవాళ్ళు, భంగిమ చెడగొట్టుకొని సగం కిందికే దిగి '10' అని రాసుకొనేవాళ్ళు ఉంటారు. సగం దిగిన స్క్వాట్‌ను పూర్తి స్క్వాట్‌గా రాయడమంటే పాలల్లో నీళ్ళు కలిపి డైరీకి పోయడమే. అక్కడ లాక్టోమీటర్ పట్టేస్తుంది. ఇక్కడ నడుము పట్టేస్తుంది. ఏడెనిమిది వారాలకొకసారి కావాలనే బరువు తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి. ఆ వారాన్నీ సిగ్గుపడకుండా రాయాలి.

ఈ భారమంతా కుర్రాళ్ళ మీదే వేయడం న్యాయం కాదు. నెల నెలా ఫీజు తీసుకొనే జిమ్ యజమానులు చేయవలసిన పనులున్నాయి. రాడ్లు తూచి అంకె వేయించండి. 1.25 కిలోల ప్లేట్లు రెండు జతలు తెప్పించండి. తలుపు పక్కన ఒక చెక్క అర బిగించి, చేరిన ప్రతివాళ్ళకూ పేరు రాసిన నోటుబుక్కు ఒకటి అందులో పెట్టండి. నెలకొకసారి కోచ్ దాన్ని తెరిచి నాలుగు మాటలు మాట్లాడేలా చూడండి. ఖర్చు ఒక ట్రెడ్‌మిల్ బాగుచేయించినంత కూడా కాదు. హైస్కూళ్ళలో, పీయూ కాలేజీల్లో పీటీ సార్లు కూడా పిల్లలతో పుష్‌అప్స్, బస్కీలు రాయించడం మొదలుపెట్టవచ్చు. దానికి రాడ్డు కూడా అక్కర్లేదు.

ఇది చదివిన వాళ్ళలో జిమ్‌కు పోయేవాళ్ళుంటే, పాల డైరీ నుంచి వచ్చేటప్పుడు అంగట్లో ఒక నోటుబుక్కు కొనుక్కోండి. సాయంత్రం మొదటి పేజీలో రాడ్డు బరువు రాయండి. దాని కింద ఆ రోజు తేదీ వేసి, ఎత్తిన మొదటి సెట్టు రాయండి.